మొదటి స్లైడ్ మీద పేరు

ఏప్రిల్ 9, 2024, మంగళవారం

ఫెయిత్‌కి కాలేజీ ప్రెజెంటేషన్‌లో సున్నా వేశారు. ఆ స్లైడ్లు ఆమె చేసినవి కావట. నేను చేసినవట.

పొద్దున బ్రేక్‌లో ఫోన్ తీస్తే వరసగా ఫెయిత్ మిస్డ్ కాల్స్. విమానాల భోజనం ట్రేలు సర్దే బెల్టు దగ్గర ఫోన్ పట్టుకుంటే సూపర్‌వైజర్ ఊరుకోదు. వాష్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని చేశాను. ఏడుస్తోంది. ఏడుపు మధ్యలోనే కాలేజీ పంపిన మెయిల్ చదివి వినిపించింది. మూడో వ్యక్తి చేసిన పనిని తనదిగా సమర్పించిందని నమ్మడానికి ఆధారాలున్నాయట. ఆ మూడో వ్యక్తిని నేను.

ఆధారాలు రెండు. ఒకటి, మొదటి స్లైడ్ మీద ‘గైడ్: షెర్లీ’ అని ఉంది. రెండు, ఆ పేరు పట్టుకుని వెతికితే మా తెలుగు చర్చి చానల్ దొరికింది. అందులో ఈస్టర్ రోజు ఆరాధన వీడియో ఉంది. ఫెయిత్ మైకు పట్టుకుని, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెబుతోంది: “నా ప్రెజెంటేషన్ బాగా జరిగింది. ఇందులో నాదేమీ లేదు. అంతా షెర్లీ అక్క చేతుల ద్వారా దేవుడే చేయించాడు.” పక్కన మా చర్చి కుర్రాడు ఎరిక్ నిలబడి ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషులోకి మారుస్తున్నాడు, ఇక్కడ పుట్టిన పిల్లల కోసం.

సాక్ష్యంలో అందరూ అలాగే చెబుతారు. డ్రైవింగ్ టెస్టు పాసైనవాడు కూడా స్టీరింగ్ తిప్పింది తను కాదనే చెబుతాడు. వాడి లైసెన్సు ఎవరైనా లాక్కున్నారా?

ఈ ఒక్క కోర్సు పోతే కాలేజీ పూర్తయినట్టు కాగితం రాదు. ఆ కాగితం లేకుండా వర్క్ పర్మిట్‌కి అప్లై చేయడానికి లేదు. స్టడీ పర్మిట్ జూన్‌తో ఆఖరు. ఈ కోర్సు మళ్ళీ సెప్టెంబర్లోనే ఉంటుంది. ఇంతకంటే వివరంగా నాకు నేను చెప్పుకోనక్కరలేదు.

నేను మౌస్ ముట్టలేదు. ఇది రాసి పెట్టుకుంటున్నాను.


ఏప్రిల్ 10, బుధవారం

ఏం జరిగిందో మొదట్నుంచీ రాస్తాను. రేపు ఎవరైనా అడిగితే తడుముకోకూడదు.

స్లైడ్లు చేయడం నాకు ఎవరూ నేర్పలేదు. కాలేజీకి ఒక్క సెమిస్టర్ వెళ్ళి మానేశాను. అక్కడా నేర్పలేదు. చర్చిలో ఆరేళ్ళుగా పాటల స్లైడ్లు నేనే చేస్తున్నాను. ఆ హాలు ఇంగ్లీషువాళ్ళ చర్చిది. వాళ్ళ ఆరాధన అయ్యాక మధ్యాహ్నం మాకిస్తారు. కిటికీలోంచి ఎండ తిన్నగా తెర మీద పడే వేళ అది. తెల్ల తెర మీద నల్ల అక్షరాలు పెడితే ఒక్కటీ కనిపించదు. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు పెట్టాలని అలా తెలిసింది. వెనక బెంచీలో శాంతమ్మ గారు కూర్చుంటారు. కళ్ళజోడు సంచిలోనే ఉంటుంది, తీయరు. అక్షరాలు చిన్నవైతే ఆమె పాడటం ఆపేస్తారు. ఆమె ఆపితే వెనక వరసలన్నీ ఆగిపోతాయి, ఆమె గొంతు పట్టుకునే కదా వాళ్ళు పాడేది. కాబట్టి స్లైడ్‌కి నాలుగు లైన్లు. ఊపిరి ఎక్కడ తీసుకుంటారో అక్కడే తెర మారాలి. పదం మధ్యలో మారిస్తే హాలంతా తొట్రుపడుతుంది. ఇదంతా ఏ పుస్తకంలోనూ లేదు. ఉంటే ఉండనీ, నేను చదవలేదు.

ఆ తర్వాత స్టూడెంట్లు వచ్చారు. మేముండే ఎటోబికోలో ఏ బేస్‌మెంట్ తలుపు కొట్టినా నలుగురు తెలుగు పిల్లలు. హాల్లో కుర్చీలు చాలక కింద నుంచి మడత కుర్చీలు మోసుకొచ్చేవాళ్ళం. కిందటి శరదృతువులో ఆరాధన అయ్యాక కొందరు నా మీడియా డెస్క్ చుట్టూ చేరి అడిగారు: “అక్కా, మా ప్రెజెంటేషన్ కూడా ఇలా వెనకదాకా కనపడేలా చేయడం నేర్పవా?”

సండే స్కూల్ గదిలో మొదలుపెట్టాను. చిన్నపిల్లల కుర్చీలు. అందరి మోకాళ్ళూ గడ్డాల దగ్గర.

మొదటిరోజు ఎవరి స్లైడ్లు వాళ్ళని చూపించమన్నాను. అందరివీ ఒకే తల్లి పిల్లల్లా ఉన్నాయి. మొదట కాలేజీ లోగో, దాని కింద గైడ్ పేరు. తర్వాత విషయ సూచిక. చివర గులాబీ పువ్వు పెట్టి థాంక్యూ. మధ్యలో చీమల బారుల్లాంటి పేరాలు.

“ఇది స్లైడ్ కాదురా, సిలబస్,” అన్నాను.

“మా ఇంజనీరింగ్ కాలేజీలో ఖాళీ కనిపిస్తే మార్కులు కట్ చేసేవారక్కా,” అన్నాడు ఒకడు.

వెనక నుంచి ఫెయిత్ అంది: “రాసి ఉంటే ధైర్యం అక్కా. ఇంగ్లీష్ మర్చిపోతే వెనక్కి తిరిగి చదివేసుకోవచ్చు.”

“వెనక్కి తిరిగితే వాళ్ళకి నీ జడ కనిపిస్తుంది. జడకి మార్కులేస్తారా?”

అందరూ నవ్వారు. ఫెయిత్ కూడా నవ్వింది, కానీ ల్యాప్‌టాప్ మూసేసింది. తునిలో డిగ్రీ చేసి వచ్చిన పిల్ల. శని, ఆదివారాల్లో ముసలివాళ్ళుండే ఒక సీనియర్స్ హోమ్ వంటగదిలో పని చేస్తుంది. ఆదివారం పొద్దున షిఫ్టు దిగి, ఏప్రాన్ మడతపెట్టి సంచిలో పెట్టుకుని, అట్నుంచి అటే చర్చికి వస్తుంది.

ఆమె ప్రెజెంటేషన్ ఆ హోమ్ గురించే. కస్టమర్ సర్వీస్, క్వాలిటీ, సంతృప్తి, బాణం గుర్తులు, ఇంకో బాణం గుర్తు.

“ఇదంతా తీసేయ్. నోటితో చెప్పు, అసలేంటి సంగతి?”

“సూప్ తాగకుండా వెనక్కి పంపేస్తున్నారక్కా.”

“ఎందుకు?”

“చల్లారిపోతోంది. భోజనాల కార్ట్ రోజూ ఆ చివరి గది నుంచే మొదలవుద్ది. ఈ చివరకి వచ్చేసరికి పైన మీగడ కట్టేస్తది. అంతే.”

“అంతే అయితే అంతే చూపించు.”

తర్వాతి వారం, వెనక్కొచ్చిన సూప్ గిన్నె ఫొటో తీసుకొచ్చింది. పైన ముడతలు పడ్డ మీగడ. అంచున ముట్టని చెంచా. తెర నిండా అది పెట్టింది, ఒక్క అక్షరం లేకుండా. గదిలో ఎవరో “ఛీ” అన్నారు. సరిగ్గా అదే కావాలి. ఆ ఫొటో ఆమె తీసింది. దాన్ని తెర నిండా పెట్టింది ఆమె. తర్వాతి స్లైడ్‌లో కార్ట్ దారి గీసింది ఆమె. నేను పక్కన కూర్చుని అరిచాను. అరవడం నేరమైతే మా అమ్మని జైల్లో పెట్టాలి.

ఒక్క గైడ్ పేరు మాత్రం ఎవరూ వదల్లేదు. “పెద్దవాళ్ళ పేరు లేకపోతే మర్యాదగా ఉండదక్కా,” అంది ఫెయిత్. నాకూ ఆమెకూ ఏడాది తేడా. నేను తీసేయమన్నాను.

తీసేయమన్నాననే గుర్తు.


ఏప్రిల్ 11, గురువారం

ఎరిక్‌కి మెసేజ్ పెట్టాను. చూశాడు. జవాబు లేదు.


ఏప్రిల్ 12, శుక్రవారం

షిఫ్టు దిగి కాలేజీకి వెళ్ళాను. కాలేజీ అంటే దుకాణాల ప్లాజాలో పళ్ళ డాక్టరు క్లినిక్ పై అంతస్తు. లిఫ్టు దగ్గర బోర్డు మీద ప్రపంచంలోని జెండాలన్నీ ఉన్నాయి.

పాఠం చెప్పే గ్రెగ్ కారిడార్ బెంచీ మీద కూర్చుని డబ్బాలో పాస్తా తింటున్నాడు. కాంట్రాక్టు టీచర్లకి గది లేదట. నలభై దాటి ఉంటాయి, స్వెటర్ మోచేతి దగ్గర చిరిగింది.

“మీరు?” అన్నాడు.

“మూడో వ్యక్తిని,” అన్నాను.

అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. డబ్బా మూత పెట్టాడు. సంచి తీసి పక్కన చోటిచ్చాడు. నేను కూర్చోలేదు.

అతను చెప్పింది ఇది. ప్రతి క్లాసులోనూ నలభై మంది. స్లైడ్లు అమ్మేవాళ్ళున్నారు, కొనేవాళ్ళున్నారు. పట్టుకోలేదేమని పైవాళ్ళు అడుగుతారు. ఫెయిత్ స్లైడ్లు మిగతా వాళ్ళ స్లైడ్లలా లేవు. బాగున్నాయి. అనుమానం అక్కడే మొదలైంది.

“బాగుంటే అనుమానమా?”

“బాగుండి, పైన ఇంకొకరి పేరుంటే.”

“ఆమె మాట్లాడింది కదా? అది విన్నారు కదా?”

“విన్నాను. బాగా మాట్లాడింది. ఒకచోట ఆగిపోయింది. చాలాసేపు. స్లైడ్ మీద చూసుకోవడానికి ఏమీ లేదు. సూప్ ఒక్కటే ఉంది. మళ్ళీ తనే అందుకుంది.” చెబుతుంటే అతని మొహంలో ఒక మెత్తదనం వచ్చింది. నాకు ఇంకా ఒళ్ళు మండింది.

“మరి సున్నా ఎందుకు?”

“సున్నా నేను వేయలేదు, రిపోర్ట్ చేశాను. పేరు కనిపించాక రిపోర్ట్ చేయకపోతే నా కాంట్రాక్టు ఉండదు. సమాధానం రాయడానికి ఆమెకి వచ్చే శుక్రవారం దాకా టైముంది. కాపీ కేసులు చూసే ఇంటెగ్రిటీ ఆఫీసుకి రాయమనండి. నన్ను అడిగితే విన్నదే చెబుతాను.”

“అడగకపోతే?”

పాస్తా డబ్బా మూత మళ్ళీ తీశాడు.

గట్టిగా అరిచాను. ఏం అరిచానో రాయను. రిసెప్షన్ అమ్మాయి లేచి నిలబడింది, ఆ అమ్మాయి కూడా స్టూడెంటే, పంజాబ్ నుంచి వచ్చింది, భయపడింది. బయటికొచ్చి బస్సెక్కకుండా నడిచాను. కరిగిన మంచు, దాని మీద చల్లిన ఉప్పు, గుంటలు. బూట్లు తడిసిపోయాక బస్సెక్కాను.

ఒకచోట ఆగిపోయిందని ఫెయిత్ నాకు చెప్పలేదు. అదిరిపోయిందక్కా అని మాత్రమే చెప్పింది.


ఏప్రిల్ 14, ఆదివారం

ఈరోజు ఒక చెత్త పని చేశాను. మొదటి పాటకి అక్షరాలు సగానికి సగం తగ్గించి పెట్టాను. నా స్లైడ్లు ఎవరికీ అక్కర్లేనప్పుడు వాటిని ఎవరూ సరిగ్గా చదవనక్కర్లేదు అనిపించింది. మొదటి చరణంలోనే శాంతమ్మ గారి గొంతు ఆగింది. వెనక వరసలు ఆగాయి. ముందు వరసలు తిరిగి చూశాయి. ఆమె మాత్రం తెర వైపు చూడటం మానలేదు. కళ్ళు చికిలించుకుని, పెదాలు కదుపుతూ, వస్తుందేమో అన్నట్టు. రెండో చరణానికి మామూలు సైజు పెట్టేశాను.

ఆరాధన అయ్యాక ఎరిక్‌ని పార్కింగ్‌లో పట్టుకున్నాను.

“దేవుడే చేయించాడు అన్నంతవరకు చెప్పి నా పేరు వదిలేయొచ్చుగా?”

“షెర్లీ, కమాన్. ఆమె చెప్పింది, నేను చెప్పా. టెస్టిమొనీని లైవ్‌లో ఎడిట్ చేయనా?”

“సాక్ష్యంలో నాదేమీ లేదంటే నిజంగా ఏమీ లేదని కాదని నీకు తెలీదా? మీ నాన్న ఇల్లు కొన్నప్పుడు ఏం చెప్పాడు?”

“నాదేమీ లేదు అన్నాడు. మార్ట్‌గేజ్ ఇంకా ఆయనే కడుతున్నాడు.” నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి అన్నాడు: “ఆమె నీ పేరు చెప్తుంటే నువ్వు ఎలా నవ్వావో చూశావా? రెండో కెమెరాలో ఉంది. ఐ వాజ్ హ్యాపీ ఫర్ యూ, ఆనెస్ట్‌లీ.”

కారు తలుపు నేనే వేసి వచ్చేశాను. వాడి కారు తలుపు.

లోపల సంతోషం అంకుల్, ఫెయిత్, అమ్మ నిలబడి ఉన్నారు. అంకుల్ మా చర్చి పెద్ద. నా చిన్నప్పుడు ఎయిర్‌పోర్టుకి వచ్చి మమ్మల్ని తీసుకెళ్ళింది ఆయనే. ఆయన మీద కోప్పడటం అంటే అమ్మకి బీపీ.

“అమ్మా షెర్లీ, రా. ఫెయిత్‌కి అదే చెబుతున్నా. ఒప్పేసుకుంటే వార్నింగ్‌తో పోతుందంట. సెప్టెంబర్లో ఆ పేపరు మళ్ళీ రాసుకుంటుంది. తగ్గితే తప్పేముంది?”

“జూన్‌లో పర్మిట్ పోతుంది అంకుల్.”

“ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవచ్చు.”

“ఫైలు మీద మోసం అని మరక పెట్టుకునా?”

“ప్రార్థన చేద్దాం. ఇంకోటి, ఆ వీడియో తీయించేశాను. చర్చి పేరు కూడా బయటికొస్తోంది కదా.”

“తీసేశారా? ఇప్పుడు తీసేస్తే దాచినట్టు కాదా అంకుల్? నిజంగా తప్పు చేసినవాళ్ళు చేసే పని కదా అది?”

“మనం దాచడం ఏంటమ్మా, అశాంతి లేకుండా...”

“అశాంతి నాకుంది అంకుల్. మీకు రాకుండా చూసుకున్నారు.”

అమ్మ నా మోచెయ్యి పట్టుకుని గిల్లింది, చిన్నప్పుడు గిల్లినట్టే. అంకుల్ మొహం ఎర్రబడింది. ఫెయిత్ నేల వైపు చూస్తోంది. ఆమెని ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు. నేను కూడా.

తర్వాత క్లాసుకి ఇద్దరే వచ్చారు. వాళ్ళూ వచ్చింది నేర్చుకోవడానికి కాదు. “అక్కా, నీ ల్యాప్‌టాప్‌లో మా ఫోల్డర్ ఉంటే డిలీట్ చేసెయ్యవా, ఏమనుకోకు.” డిలీట్ చేశాను. ఏమనుకున్నానో వాళ్ళకి అనవసరం.


ఏప్రిల్ 15, సోమవారం

మౌస్ ఒక్కసారి ముట్టాను. మొదటి స్లైడ్‌లో. అక్షరాల సైజు. స్లైడ్ చేయడమంటే అది కాదు. ఎవర్నైనా అడగండి.


ఏప్రిల్ 16, మంగళవారం

కాలేజీకి మెయిల్ రాశాను. చించేయడానికి కాగితం కూడా కాదు, చెరిపేశాను. మళ్ళీ రాశాను. మీరు ఫీజులు గుంజే దొంగలు అని మొదలైంది ఒకటి. నేను ఎవరినో చెబుతూ మొదలైంది ఇంకొకటి, ఆరేళ్ళ పాటల స్లైడ్లు, శాంతమ్మ గారు, ఎండ, అన్నీ. చదువుకుంటే ఫెయిత్ పేరు చివరి పేరాలో ఉంది.

ఫెయిత్ మెసేజ్: “అక్కా, అంకుల్ చెప్పినట్టు ఒప్పేసుకోనా? తల తిరిగిపోతోంది.”

నా జవాబు: “ఒప్పుకుంటే నాతో మాట్లాడకు.”

రెండు టిక్కులూ నీలం అయ్యాయి. ఇల్లంతా తిరిగాను. ఇల్లంటే రెండు గదులు, తిరగడానికి ఏముంది. అమ్మ చూసి, “ఆ పిల్ల ఫెయిలైతే నీకేంటే? నువ్వు పాసవ్వాలని చూస్తున్నావు,” అంది. ప్లేటు సింకులో గట్టిగా పడేశాను. పగల్లేదు, ప్లాస్టిక్‌ది.


ఏప్రిల్ 17, బుధవారం

ఫెయిత్ తనే వచ్చింది. తలుపు తీయగానే చెప్పులు కూడా విప్పకుండా అంది: “మాట్లాడకు అన్నావుగా. అందుకే వచ్చా. మాట్లాడటానికే.”

లోపలికి రమ్మన్నాను. కూర్చోలేదు.

“అక్కా, నువ్వు కాలేజీకెళ్ళి అరిచావంట. చర్చిలో అంకుల్ మీద అరిచావు. నువ్వు అరిచే కొద్దీ అందరూ ఇంకా గట్టిగా నమ్ముతున్నారు అవి నీవే అని. మా రూమ్మేట్ కూడా అడిగింది, నిజం చెప్పవే, అక్కే చేసిపెట్టిందా అని. సున్నా వచ్చింది నాకు. పోయేది నా పర్మిట్. కోపం మొత్తం నీదే.”

“నేను నీ కోసమే కదా...”

“నా కోసం అయితే నన్నడుగు ఏం చేద్దామని.”

అమ్మ వంటగదిలోంచి తొంగిచూసింది. టీ పెట్టనా అని కూడా అడగలేదు.

“సరే. ఏం చేద్దాం?”

“నేను మళ్ళీ చేస్తా. వాళ్ళ ముందు. వాళ్ళిచ్చిన టాపిక్ మీద. అక్కడే కూర్చుని చేసి, అక్కడే నిలబడి చెప్తా. ఒప్పుకోను.”

“చేయగలవా?” నోట్లోంచి వచ్చేసింది. ఆమె నన్ను చూసిన చూపు రాయలేను.

“అదే కదక్కా. నీకూ డౌటే.”

ల్యాప్‌టాప్ తీసి భోజనాల టేబుల్ మీద పెట్టింది. “టాపిక్ చెప్పు. నువ్వు కాదు. ఆంటీ, మీరు చెప్పండి.”

అమ్మ హాస్పిటల్లో పనిచేస్తుంది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “మా బ్రేక్ రూమ్ మైక్రోవేవ్‌లో చేపల పులుసు వేడి చేసుకోవచ్చా, కూడదా. దాని మీద చెయ్యి. నిన్న మళ్ళీ గొడవైంది.”

ఫెయిత్ నవ్వి మొదలుపెట్టింది. నేను చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. నిజంగానే.

మొదటి స్లైడ్ కోసం మా మైక్రోవేవ్ ఫొటో తీసింది. తలుపు మూసి, లోపల లైటు వెలుగుతూ. దాని మీద రెండే ముక్కలు పెట్టింది: ‘వార్డు నిండా మనుషులు. డబ్బా ఒక్కటే.’ పచ్చ రంగు అక్షరాలు. నేనైతే చచ్చినా పచ్చ పెట్టను. ఎడమ మార్జిన్ వంకరగా ఉంది. వేళ్ళు జివ్వుమన్నాయి. తర్వాత ఫొటో ఏం లేదు, ఖాళీ తెల్ల స్లైడ్.

“అదేంటి ఖాళీ?”

“అక్కడ వాసన గురించి చెప్తానక్కా. వాసన చూపించలేం కదా. వాళ్ళే ఊహించుకుంటారు.”

నేను ఆమెకి ఖాళీ స్లైడ్ ఎప్పుడూ చెప్పలేదు. నాకే తట్టలేదు. ఆ తర్వాత ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చున్న బొమ్మ గీసింది, గీతలు సరిగ్గా రాలేదు. చివరిది ఒక కిటికీ ఫొటో. కిటికీ దగ్గరికి మైక్రోవేవ్ జరపండి, ఒక అరగంట చేపకి వదిలేయండి. అదీ ఆమె తీర్పు. థాంక్యూ లేదు, గులాబీ లేదు.

లేచి నిలబడి ఇంగ్లీషులో చెప్పింది. మూడో స్లైడ్ దగ్గర ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. గోడ వైపు చూసింది, అమ్మ వైపు చూసింది. నేను మాట అందించబోయాను, అమ్మ నా కాలు తొక్కింది. ఫెయిత్ మళ్ళీ అందుకుంది, ఇందాకటి కంటే చిన్న మాటలతో. అయిపోయాక అమ్మ అంది: “ఆ ఖాళీ దగ్గర నాకు నా పులుసు వాసనే వచ్చిందే. సిగ్గేసింది కూడా. నాతో గొడవపడ్డ ఆ ఫిలిప్పీన్స్ ఆవిడకి రేపు నేనే ముందు హలో చెబుతా.”

అప్పుడు ఫెయిత్ వెనక్కెళ్ళి, అన్నిటికంటే ముందు ఇంకో స్లైడ్ చేర్చింది. టైటిల్ కొట్టింది. దాని కింద ‘గైడ్’ అని కొట్టి, చుక్కలు పెట్టి, ఆగింది. చెయ్యి అలవాటు. నా వైపు తిరిగింది.

“పెట్టనా అక్కా?”

ఈస్టర్ ముందు వారం ఇదే టేబుల్ మీద ఇదే ల్యాప్‌టాప్‌లో నా పేరు ఒక మూలన, చిన్న అక్షరాల్లో ఉంది. ఫెయిత్ లోపల టీ కలుపుతోంది. వెనక బెంచీకి కనిపించదు అనుకున్నాను. సైజు పెంచాను. మధ్యకి జరిపాను. కాసేపు చూశాను. ఆరేళ్ళలో ఎన్ని వేల తెరలు పెట్టానో, దేని మీదా ఆ పేరు లేదు. తీసేయమని నేను ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు.

“వద్దు,” అన్నాను. “అప్పుడు దాన్ని పెద్దది చేసింది నేనే. నువ్వు టీ పెడుతుంటే.”

“తెలుసక్కా. వచ్చి చూశాగా.”

“మరి అనలేదేం?”

“మా కాలేజీల్లో గైడ్ పేరు పెద్దగానే ఉంటది కదా. బానే ఉందిలే అనుకున్నా.” ఆమె నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ లైను చెరిపేసి ల్యాప్‌టాప్ మూసింది.

వెళ్తూ గుమ్మం దగ్గర అంది: “రేపు నా సమాధానం నేనే రాసుకుంటా. నువ్వు దిద్దొద్దు. నీది నువ్వు రాయి. అరవకుండా రాయి. పోనీ, కొంచెం అరిచినా పర్లేదు.”


ఏప్రిల్ 18, గురువారం

ఫెయిత్ తన సమాధానం పంపి, నాకు కాపీ పెట్టింది. ఆరు లైన్లు. రెండు చోట్ల గ్రామర్ తప్పు. దిద్దలేదు. మైక్రోవేవ్ స్లైడ్లు కూడా జత చేసింది, వంకర మార్జిన్‌తో సహా.

ఎరిక్ ఫోన్ చేశాడు. వీడియో వాడి దగ్గర ఉందట. అంకుల్‌కి చెప్పి మళ్ళీ పెట్టేశాడు. అంకుల్ ఏమన్నాడని అడిగాను. “సరేలే అన్నాడు. నువ్వు మళ్ళీ అరుస్తావని భయం ఆయనకి.” సాక్ష్యం పూర్తిగా వినమన్నాడు. విన్నాను. ఆ ఒక్క వాక్యానికి ముందు, గిన్నె ఫొటో ఎలా తీసిందో, కార్ట్ దారి ఎన్నిసార్లు తప్పు గీసిందో, తరగతిలో మాట ఆగిపోతే ఏం చేసిందో, అంతా ఆమె నోటితోనే ఉంది. ఎరిక్ అంతా ఇంగ్లీషులో చెప్పాడు. కాలేజీవాళ్ళు చివరి వాక్యం ఒక్కటే విన్నారు. నేనూ అంతే. ఆ రోజు నా పేరు వచ్చేదాకా హాల్లో ఎవరేం మాట్లాడారో నాకు గుర్తు లేదు.

నేను ఇంటెగ్రిటీ ఆఫీసుకి ఇంగ్లీషులో పంపింది ఇది. నా భాషలో నా కోసం ఉంచుకుంటున్నాను.

‘మీరు ఫెయిత్‌కి వేసిన సున్నా తప్పు. ఆమె పని మీద ఇంకొకరి పేరు చూసి, ఆ పని ఇంకొకరిదని తేల్చారు. ఆ పేరు నాది. మా ఊళ్ళ కాలేజీల్లో నేర్పినవాళ్ళ పేరు మొదటి పేజీలో పెట్టడం మర్యాద. ఆమె చిన్నగా పెట్టింది. పెద్దది చేసి మధ్యకి జరిపింది నేను. ఆ మొత్తం ఫైలులో నా చెయ్యి పడింది అక్కడ ఒక్కచోటే. దానికి శిక్ష వేయాలంటే నాకు వేయండి, నేను మీ స్టూడెంటుని కాను, ఏం వేస్తారో చూద్దాం.

ఆ వీడియో మొదట్నుంచి వినండి. చర్చిలో మేం కృతజ్ఞత చెప్పేటప్పుడు మా వంతు లేదనే చెబుతాం. అది ఒప్పుకోలు కాదు. మీ టీచరు గ్రెగ్‌ని అడగండి, ఆమె మాట్లాడుతుంటే విన్నది ఆయనే. అడిగితే చెబుతానన్నారు. ఇంతవరకూ మీరు ఆయన్ని అడగలేదు. ఆమెనీ అడగలేదు.

ఇప్పుడు అడగండి. ఆమెని పిలవండి. ఒక గది, ఒక ఖాళీ ఫైలు, మీకు నచ్చిన ఏదో ఒక విషయం ఇవ్వండి. మీ కళ్ళ ముందు చేస్తుంది, మీ కళ్ళ ముందు నిలబడి చెబుతుంది. మధ్యలో ఆగిపోవచ్చు. ఆగితే ఆగనివ్వండి. నేను ఆ గదిలో ఉండను, ఆ ప్లాజాలో ఉండను, ఆ రోజు ఆమెకి ఫోన్ కూడా చేయను.

జూన్ దాకా ఆగే వీలు ఆమెకి లేదు. తేదీ, టైము, గది నంబరు ఆమెకే రాయండి, నాకు కాదు. ఏప్రిల్ 24, బుధవారం సాయంత్రం ఐదు గంటలలోపు.’